పిల్లలకి హోల్ ఫుడ్ విటమిన్ గమ్మీలు: డబ్బా వెనక ఏం చూసి కొనాలి?

ఉషోదయ_జంక్షన్ (ఎంవీపీ కాలనీ, వైజాగ్)

అందరికీ నమస్కారం. ఇంట్లో ఇద్దరు పిల్లలు. పాపకి నాలుగున్నర, బాబుకి ఎనిమిది. పాప ఆకుకూర ముట్టదు. బాబు పాలు, గుడ్డు తీసుకుంటాడు గానీ పళ్ళు బతిమాలితే తప్ప తినడు. పళ్ళు, కూరగాయల నుంచే చేశామని చెప్పే హోల్ ఫుడ్ గమ్మీలు (జెల్లీ మిఠాయిలా నమిలే విటమిన్లు) రెండు రకాలు చూశాను, ఏది మంచిదో తేల్చుకోలేకపోతున్నాను. కంపెనీ పేర్లు వదిలేసి, వెనక రాసింది ఉన్నదున్నట్టు పెడుతున్నాను.

మొదటి డబ్బా: ముందువైపు "21 పళ్ళు, కూరగాయల శక్తి" అని ఉంది. రోజుకి 2 గమ్మీలు (6 గ్రాములు). పదార్థాలు ఈ వరసలో ఉన్నాయి: చక్కెర, లిక్విడ్ గ్లూకోజ్, నీరు, పెక్టిన్ (440), పళ్ళు-కూరగాయల పొడి 100 మి.గ్రా., సిట్రిక్ యాసిడ్ (330), విటమిన్లు, రంగు (163), కార్నాబా మైనం (903). రెండు గమ్మీలకి చక్కెర 4.2 గ్రా., విటమిన్ ఎ (రెటినిల్ పాల్మిటేట్) 300 మైక్రోగ్రాములు, డి 10 మైక్రోగ్రాములు, సి 20 మి.గ్రా., బి12 1 మైక్రోగ్రాము, జింక్ 2 మి.గ్రా., బయోటిన్ 15 మైక్రోగ్రాములు. ఆకుపచ్చ చుక్క ఉంది.

రెండో డబ్బా: "నో యాడెడ్ షుగర్". మాల్టిటాల్ (965), జెలటిన్, మునగాకు పొడి, ఉసిరి ఎక్స్‌ట్రాక్ట్. విటమిన్ ఎ బీటా కెరోటిన్‌గా 200 మైక్రోగ్రాములు, డి 400 ఐయూ, ఒమేగా-3 30 మి.గ్రా. గోధుమరంగు త్రికోణం గుర్తు ఉంది.

ఇవి కాక ఇద్దరూ రోజుకి రెండుసార్లు పాలల్లో హెల్త్ డ్రింక్ పొడి కలుపుకుని తాగుతారు. పాపకి ఆరు నెలలకోసారి అంగన్‌వాడీలో విటమిన్ ఎ సిరప్ పడుతోంది. బాబుకి బడిలో వారానికొకటి గులాబీ రంగు ఐరన్ మాత్ర ఇస్తున్నారు. రెండిటిలోనూ ఐరన్, కాల్షియం కనబడలేదు, అది లోపమా? ఈ ఉక్కపోతలో ఎలా దాచాలి? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పగలరు.

పోషణ_లెక్క

లేబుల్ మొత్తం పెట్టారు కాబట్టి లెక్క వేసి చెప్పొచ్చు.

ముందు ఆ 21 పళ్ళు, కూరగాయల సంగతి. పళ్ళలోనూ కూరగాయల్లోనూ తొంభై శాతం దాకా నీరే. అంటే 100 మి.గ్రా. పొడి సుమారు ఒక గ్రాము పచ్చి కూరకి సమానం. దాన్ని 21 రకాలు పంచుకుంటే ఒక్కోదాని వాటా 5 మి.గ్రా. పొడి. విటమిన్ సి పుష్కలంగా ఉండే జామకాయలో కూడా 100 గ్రాములకి 200 మి.గ్రా. పైచిలుకే, అంటే గ్రాముకి 2 మి.గ్రా. మరి ఈ గమ్మీలో 20 మి.గ్రా. సి ఎక్కడినుంచి వచ్చింది? విడిగా కలిపిన ఆస్కార్బిక్ యాసిడ్ నుంచి. అందులో తప్పేం లేదు, శరీరానికి పనికొస్తుంది. కాకపోతే మీరు డబ్బు పెడుతున్నది మామూలు మల్టీవిటమిన్‌కే, కూరగాయలకి కాదు. ఆకుకూర తినని పాపకి ఇది ఆకుకూర లోటు తీర్చదు. పీచు లేదు, పొటాషియం లేదు, ఫోలేట్ (ఆకుకూరల్లో ఉండే బి విటమిన్) అంకె కూడా మీరు పెట్టినదాంట్లో లేదు.

హోల్ ఫుడ్ అన్న మాట నిజంగా చెల్లాలంటే పదార్థాల జాబితాలో ప్రతి విటమిన్ పక్కనా అది దేన్నుంచి తీశారో, ఎంత శాతానికి ప్రామాణీకరించారో రాసి ఉండాలి. "ఎసిరోలా చెర్రీ ఎక్స్‌ట్రాక్ట్ (25 శాతం విటమిన్ సి)", "లైకెన్ నుంచి డి3" లాంటి రాత అది. ఒట్టి "బ్లెండ్" అని ఉంటే ఎంత వేశారో మీకు తెలియదు. బి12 మాత్రం ఏ పండులోనూ కూరలోనూ ఉండదు. ఏ కంపెనీ అయినా సూక్ష్మజీవులతో పులియబెట్టి తయారైనదే వాడాలి. బి12 కూడా పళ్ళనుంచే అని రాసిన డబ్బాని నమ్మొద్దు.

ఇక మొదటి డబ్బాలో నన్ను ఆపేది విటమిన్ ఎ. రెటినిల్ పాల్మిటేట్ అంటే తయారుగా ఉన్న రెటినాల్. అది కాలేయంలో పేరుకుంటుంది. అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 4 నుంచి 8 ఏళ్ళవాళ్ళకి పెట్టిన పైహద్దు రోజుకి 900 మైక్రోగ్రాములు. మీ పిల్లలిద్దరూ ఆ వరసలోనే ఉన్నారు. ఇప్పుడు కూడండి. గమ్మీలు 300. హెల్త్ డ్రింక్ డబ్బా వెనక చూడండి, రెండు గ్లాసులకి 200 అనుకుందాం. పాల ప్యాకెట్ మీద ప్లస్ ఎఫ్ (విటమిన్లు కలిపిన పాలు) గుర్తుంటే లీటరుకి 270 నుంచి 450 దాకా కలిపినట్టు, అర లీటరు తాగితే సుమారు 180. మొత్తం 680. గుడ్డు, నెయ్యి ఇందులో వెయ్యలేదు. చాక్లెట్ అనుకుని ఇంకో రెండు గమ్మీలు నోట్లో వేసుకుంటే 980. ఒక్కరోజుకి ఏమీ కాదు, రోజూ అలవాటైతే మంచిది కాదు. పైగా పాపకి అంగన్‌వాడీలో పడుతున్న డోసు ఒక్కోటి 2 లక్షల ఐయూ (అంతర్జాతీయ యూనిట్లు), అంటే 60,000 మైక్రోగ్రాములు. ఆరు నెలల ఎడం పెట్టి ఇస్తారు కాబట్టి అది సురక్షితమే, మానిపించకండి. ఐదేళ్ళు నిండేదాకా ఆ సిరప్ ఉంటుంది గనక పాపకి రెటినాల్ ఉన్న గమ్మీ వద్దు. బీటా కెరోటిన్ అయితే శరీరం కావలసినంతే ఎ గా మార్చుకుంటుంది. ఈ ఒక్క విషయంలో రెండో డబ్బా మేలు.

విటమిన్ డి యూనిట్లు కలగాపులగం కాకుండా చూసుకోండి: 1 మైక్రోగ్రాము అంటే 40 ఐయూ. అంటే 10 మైక్రోగ్రాములు, 400 ఐయూ ఒకటే. ఐసీఎంఆర్-ఎన్‌ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) 2020 లెక్క ప్రకారం పిల్లలకి రోజుకి 600 ఐయూ. ఇక్కడ రెండు డబ్బాలూ సమానమే. డాక్టరుగారు ఈమధ్య వారానికొక 60,000 ఐయూ సాచెట్ రాసి ఉంటే అదే రోజుకి 8,500 ఐయూ దాటుతుంది, ఆ కోర్సు అయ్యేదాకా డి ఉన్న గమ్మీ ఆపెయ్యాలి.

ఒమేగా-3 30 మి.గ్రా. అన్నది పేరుకే. 4 నుంచి 6 ఏళ్ళకి డీహెచ్ఏ, ఈపీఏ (చేపనూనెలో ఉండే ఒమేగా-3 రకాలు) కలిపి రోజుకి 150 నుంచి 200 మి.గ్రా. ఉండాలని ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ ఎఫ్ఏఓ చెబుతుంది. మీరు చేప తినేవాళ్ళయితే వారానికి రెండుసార్లు కవళ్ళు వండితే సరిపోతుంది.

శాతాల కాలమ్ కూడా చూడండి. "ఆర్‌డీఏలో ఇంత శాతం" అని ఉన్నచోట (ఆర్‌డీఏ అంటే రోజుకి కావలసిన మోతాదు) అది ఏ వయసు ఆర్‌డీఏ అన్నది కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. పెద్దవాళ్ళది పెట్టి లెక్కేస్తే పిల్లలకి అందే శాతం తక్కువగా కనిపిస్తుంది. అలాగే అంకెలు 100 గ్రాములకా, సర్వింగుకా, ఒక్క గమ్మీకా అన్నది తేల్చుకున్నాకే రెండు డబ్బాలని పోల్చండి.

జెల్_బ్యాచ్ (తయారీ రంగం)

పైన రాసినదాంతో చాలావరకు ఏకీభవిస్తాను. ఒక్క మాట చేర్చాలి. పొడి తక్కువ వేశారంటే ప్రతిసారీ మోసమని కాదు, గమ్మీ పట్టేది అంతే. ఆకుల పొడిలో పీచు ఉంటుంది. మోతాదు పెంచేకొద్దీ జెల్ సరిగ్గా గట్టిపడదు, పంటికింద ఇసుకలా తగులుతుంది, రంగు ముదురు గోధుమ అయిపోతుంది. అందుకని ఎక్కువ పొడి కావాలంటే గమ్మీ కాకుండా వేరే రూపం చూసుకోవాలి.

ఐరన్, కాల్షియం ఎందుకు లేవని అడిగారు. కాల్షియంకి చోటు చాలదు. కాల్షియం కార్బొనేట్‌లో కాల్షియం 40 శాతమే. పాపకి రోజుకి కావలసిన 550 మి.గ్రా. కాల్షియం ఇవ్వాలంటే 1,375 మి.గ్రా. సుద్ద వెయ్యాలి, రెండు గమ్మీల బరువే 6 గ్రాములు. పైగా పెక్టిన్ (పళ్ళ నుంచి తీసే జెల్ పదార్థం) గట్టిపడేది పులుపులో, పీహెచ్ 3.2 నుంచి 3.6 మధ్య. కార్బొనేట్ ఆ సిట్రిక్ యాసిడ్‌తో కలిస్తే బుసబుస పొంగి పులుపుని తినేస్తుంది, జెల్ పట్టదు. కాల్షియం గమ్మీ అని అమ్మేవాటిలో ట్రైకాల్షియం ఫాస్ఫేట్ ఉంటుంది, అదీ ఎక్కువ వేస్తే నోట్లో సుద్దలా ఉంటుంది. ఐరన్ వేస్తే ఇనుప రుచి వస్తుంది, పళ్ళ పొడిలోని పాలీఫినాల్స్‌తో కలిసి నల్లబడుతుంది, విటమిన్ సి ని తొందరగా పాడుచేస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, మిఠాయిలా కనిపించేదాంట్లో ఐరన్ ఉంటే పిల్లలు గుప్పెడు తినేసినప్పుడు ప్రాణం మీదకి వస్తుంది. కాబట్టి ఐరన్ లేకపోవడం లోపం కాదు, అది సరైన నిర్ణయం.

పెక్టిన్, జెలటిన్ (జంతువుల నుంచి తీసే జెల్ పదార్థం) తేడా మన ఊరికి చాలా ముఖ్యం. జెలటిన్ జెల్ 35 డిగ్రీల దగ్గర మెత్తబడిపోతుంది. ఏప్రిల్, మేల్లో డెలివరీ బండి పెట్టెలోనో, ఎండ పడే షాపు అద్దం వెనకో గంటసేపు ఉంటే చాలు, లోపల అన్నీ ముద్దగా అతుక్కుపోతాయి. పెక్టిన్ ఆ వేడిని తట్టుకుంటుంది. అయితే రెండూ తేమని పీలుస్తాయి. సముద్రం గాలికి మూత సరిగ్గా పడని డబ్బాలో పైన చెమట పట్టినట్టు జిగురు వస్తుంది. చక్కెర అద్దిన గమ్మీలు ఇంకా తొందరగా చెమ్మగిల్లుతాయి, నూనె-మైనం పూత ఉన్నవి కాస్త నయం.

ముద్దగా అతుక్కుపోయినదాన్ని చాకుతో కోసి ఇవ్వకండి. ఒక గమ్మీలో ఎంత మోతాదు అన్న లెక్కే అక్కడ పోతుంది. డబ్బా తెరిచి అలా కనిపిస్తే ఫొటో తీసి వెనక్కి పంపండి. పైన తెల్లటి పొడిలా కనిపిస్తే అది చాలాసార్లు బూజు కాదు, చక్కెర స్ఫటికాలు. దూదిలా నూగుగా ఉంటేనో, పులిసిన వాసన వస్తేనో పారెయ్యండి.

విటమిన్లు గమ్మీలో నిలవ ఉన్నకొద్దీ తగ్గుతాయి. సి, ఫోలేట్, ఎ ముందు పోతాయి. అందుకే గడువు చివరి రోజుకి కూడా లేబుల్ అంకె నిలబడాలని తయారుచేసేటప్పుడు కొంత ఎక్కువ వేస్తారు. సి అయితే నాలుగోవంతు దాకా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. కొత్తగా తయారైన డబ్బాలో లేబుల్ కన్నా ఎక్కువే ఉంటుందన్నమాట. సి ఎక్కువైతే మూత్రంలో పోతుంది, రెటినాల్ అలా పోదు. పోషణ_లెక్క గారు 680 అన్నచోట నేనైతే ఇంకొంచెం చేర్చి చూస్తాను.

ఇంకొకటి. మునగాకు, పాలకూర, సముద్రపు నాచు పొడులు ఉన్నప్పుడు సీసం, కాడ్మియం, ఆర్సెనిక్ పరీక్ష చేయించారా అని కంపెనీకి బ్యాచ్ నంబరు ఇచ్చి మెయిల్ పెట్టండి. ఎన్‌ఏబీఎల్ (ల్యాబులని తనిఖీ చేసే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబు ఇచ్చిన సర్టిఫికెట్ ఆఫ్ అనాలిసిస్ పంపమనండి. అందులో బ్యాచ్ నంబరు మీ డబ్బా మీదదే అయి ఉండాలి, సీసం అంకె రాసి ఉండాలి. "అన్ని ప్రమాణాలు పాటిస్తాం" అని మాత్రమే జవాబొస్తే ఆ డబ్బా వదిలెయ్యండి. ఆకు పొడుల విషయంలో నేను దేన్నైనా సర్దుకుంటాను గానీ దీన్ని సర్దుకోను.

ఉషోదయ_జంక్షన్

ఇద్దరికీ చాలా ధన్యవాదాలండి. గోధుమరంగు త్రికోణం అంటే మాంసాహారమనే కదా? మేం గుడ్డు, చేప తింటాం గానీ జెలటిన్ దేన్నుంచి తీశారో రాయలేదు. మాల్టిటాల్ పిల్లలకి పరవాలేదా? ఫ్రిజ్‌లో పెట్టొచ్చా?

మర్రిపాలెం_ఫార్మసీ

అవునండి, త్రికోణం మాంసాహారానికే. జెలటిన్ గొడ్డు నుంచో పంది నుంచో చేప నుంచో రావచ్చు. రాయకపోతే కంపెనీని అడగాల్సిందే. రంగుల పక్కన కోడ్‌గా 120 అంకె కనిపిస్తే అది కార్మైన్, పురుగుల నుంచి తీస్తారు. 102, 110, 122, 124, 129, 133 కృత్రిమ రంగులు. హోల్ ఫుడ్ అని రాసుకున్న డబ్బాలో ఇవి ఉంటే ఇంకేం చూడక్కర్లేదు. మీ మొదటి డబ్బాలో 163 ద్రాక్ష, నేరేడు లాంటివాటి రంగు, ఇబ్బంది లేదు. 100 పసుపు, 162 బీట్‌రూట్.

మాల్టిటాల్ చక్కెర బదులు వేసే తీపి, పేగులో పూర్తిగా జీర్ణం కాదు. రెండు గమ్మీలకి పెద్దగా ఏమీ కాకపోవచ్చు, చిన్న పిల్లలకి ఎక్కువ పడితే కడుపుబ్బరం, నీళ్ళ విరేచనాలు. 420 సార్బిటాల్, 967 జైలిటాల్ కూడా అదే కోవ. విరేచనాలతో తీసుకొచ్చిన బిడ్డకి ఏం మారిందని అడిగితే గమ్మీ సంగతి ఎవరూ చెప్పరు, ఎందుకంటే దాన్ని ఎవరూ మందు కింద లెక్కపెట్టరు. డాక్టరుగారికి తప్పకుండా చెప్పండి. "యాపిల్ కాన్సంట్రేట్", "ఖర్జూరం సిరప్", "తేనె పొడి", "మాల్టోడెక్స్‌ట్రిన్" అని రాసినా పంటికీ ఒంటికీ చక్కెర లెక్కలోకే వస్తాయి.

కొనేటప్పుడు డబ్బా మీద చూడాల్సినవి చెబుతాను. ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) లైసెన్సుకి 14 అంకెలుంటాయి. వాళ్ళ ఫోస్కోస్ సైటులో కొట్టి చూడండి. అమ్మే కంపెనీ ఒకటి, తయారుచేసేది మరొకటి అయితే రెండు లైసెన్సులూ ఉండాలి. "హెల్త్ సప్లిమెంట్" అన్న మాట, "మందుగా వాడరాదు" అన్న హెచ్చరిక, రోజు మోతాదు, ఏ వయసుకో రాసి ఉండాలి. మీ పాప వయసుకి సరిపోతుందని లేబుల్ మీద లేకపోతే పిల్లల డాక్టరుని అడక్కుండా మొదలుపెట్టొద్దు. తయారీ తేదీ నుంచి గడువులో మూడోవంతు దాటని డబ్బా తీసుకోండి. ఏసీ ఉన్న షాపులో, గోడవైపు అరలో ఉన్నది అడిగి తీసుకోండి. నొక్కి తిప్పితేగానీ రాని మూత ఉంటే ఇంకా మంచిది.

ఫ్రిజ్ అవసరం లేదు. పెడితే ప్రతిసారీ బయటకి తీసి వెంటనే మూత తెరిస్తే మన తేమకి లోపల నీటిబొట్లు పడతాయి. వేసవిలో పెట్టక తప్పకపోతే బయట పెట్టాక డబ్బా మీది చెమ్మ ఆరి, గది వేడికి వచ్చాకే తెరవండి. మిగతా రోజుల్లో పొయ్యికి దూరంగా, పడకగది బీరువా పై అరలో పెట్టండి. లోపలి సిలికా జెల్ పొట్లం పారెయ్యకండి. ఒక్కో డబ్బా ఒక నెలకి అయిపోయే సైజే కొనండి, పెద్దది చవకని తీసుకుంటే సగంలోనే జిగురెక్కుతుంది.

బయోటిన్ గురించి ఎవరూ అనలేదు. అది కొన్ని రక్తపరీక్షల ఫలితాన్ని తప్పుగా చూపిస్తుంది, ముఖ్యంగా థైరాయిడ్. మీరు రాసిన 15 మైక్రోగ్రాములు చిన్న మోతాదే, అయినా జుట్టు-చర్మం కోసమని అమ్మే గమ్మీల్లో చాలా ఎక్కువ ఉంటుంది. రక్తం ఇచ్చేముందు ల్యాబులో చెప్పండి. థైరాయిడ్ మాత్ర వేసుకునే పిల్లలకి కాల్షియం, ఐరన్ ఉన్నదేదైనా నాలుగు గంటల ఎడంతో ఇవ్వాలి.

గుప్పెడు తినేస్తే ఏం చెయ్యాలో కూడా తెలుసుకోండి. వాంతి చేయించకండి, ఉప్పునీళ్ళు పట్టకండి. డబ్బాలో మిగిలినవి లెక్కపెట్టి, డబ్బాతో సహా ఆసుపత్రికి వెళ్ళండి. ఢిల్లీ ఎయిమ్స్ విషసమాచార కేంద్రానికి 1800 116 117 ఉచిత నంబరు, పగలూ రాత్రీ పలుకుతారు. ఐరన్ ఉన్నదైతే బిడ్డ బాగానే ఆడుకుంటున్నా ఆగకండి. మొదట కడుపునొప్పి, వాంతులు వచ్చి తగ్గినట్టు కనిపించి, ఆ తరవాత పరిస్థితి విషమిస్తుంది. వెంటనే 108.

దంతవైద్యం_వైజాగ్

పళ్ళ గురించి కొంచెం. గమ్మీ దవడపళ్ళ గాళ్ళలో ఇరుక్కుంటుంది, చక్కెరతోపాటు సిట్రిక్ యాసిడ్ కూడా అక్కడే ఉండిపోతుంది. అన్నం తిన్న వెంటనే ఇవ్వండి, అప్పుడు లాలాజలం బాగా ఊరుతుంది, ఎ, డి ఒంటబట్టడానికి తిండిలోని నూనె కూడా సాయపడుతుంది. తరవాత నీళ్ళు పుక్కిలించి మింగాలి. రాత్రి పళ్ళు తోమాక మాత్రం ఎప్పుడూ వద్దు. నాలుగేళ్ళలోపు పిల్లలకి గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంది, వాళ్ళకి చుక్కలుగానో సిరప్‌గానో ఇవ్వాలి. మీ పాపకైనా కూర్చోబెట్టి, నమిలేదాకా చూడండి. స్కూలు బ్యాగులో పెట్టి పంపొద్దు, పక్క పిల్లలు తింటారు.

చోడిపిండి (గోపాలపట్నం)

రెండు డబ్బాలూ అక్కడే పెట్టెయ్యమంటాను. పాపకి రోజుకి కావలసిన కాల్షియం 550 మి.గ్రా., బాబుకి 650. పాలు 100 మి.లీ.కి సుమారు 120 మి.గ్రా. ఉంటుంది కాబట్టి 300 మి.లీ.కి 360. చోడిపిండి (రాగిపిండి) 30 గ్రాములతో అంబలి కాస్తే ఇంకో 100 పైన. ఒక చెంచా నువ్వులు వేయించి పొడి చేసి అన్నంలో నెయ్యితో కలిపినా, బెల్లంతో చిమ్మిలి దంచి ఇచ్చినా మిగతాదాంట్లో కొంత వచ్చేస్తుంది. నెత్తళ్ళు (చిన్న చేపలు) ముల్లుతోనే తింటారు గనక అవీ కాల్షియమే. ఎండునెత్తళ్ళు కొంటే ఉప్పు తక్కువ పట్టినవి చూసి, వేడినీళ్ళలో రెండుసార్లు కడిగి వండండి.

ఆకుకూర ముట్టని పిల్లకి ఆకు కనబడకూడదు. రైతుబజారులో లేత మునగాకు తెచ్చి, కడిగి, నీడలో రెండు రోజులు ఆరబెట్టి (ఎండలో పెడితే రంగుతోపాటు విటమిన్ ఎ కూడా పోతుంది), వేయించిన కందిపప్పు, జీలకర్రతో కలిపి పొడి కొట్టండి. ఇడ్లీ మీద, దోసె పిండిలో పెద్ద చెంచా. మొదటివారం అర చెంచాతో మొదలుపెట్టండి, లేకపోతే చేదు పట్టేసి మళ్ళీ దగ్గరికి రానివ్వరు. వానరోజుల్లో మన తేమకి ఆకు ఆరకముందే బూజుపడుతుంది, అప్పుడు మూకుడులో సన్నసెగ మీద కదుపుతూ ఆరబెట్టాలి. పచ్చి ఆకు చేతికి దొరికితే 25 గ్రాములు పప్పులో మెత్తగా ఉడికించి కవ్వంతో మెదపండి, 75 మి.గ్రా. కాల్షియం అక్కడే వచ్చింది.

విటమిన్ సి కి సగం జామకాయ చాలు. 50 గ్రాములకి 100 మి.గ్రా. వస్తుంది, పాప అవసరం 35. పండు తినని బాబుకి జామముక్కల మీద ఉప్పు, కాస్త కారం చల్లి ఇచ్చి చూడండి.

పోషణ_లెక్క

చోడిపిండి గారు చెప్పినది తింటే గమ్మీ అక్కర్లేదు, ఒప్పుకుంటాను. కానీ తిండితో తీరనివి రెండున్నాయి. ఒకటి డి. గుడ్డులో, చేపలో ఉన్నది 600 ఐయూకి చాలదు. ఎండ కావాలి, అదీ నీడ మన పొడుగుకన్నా పొట్టిగా పడే వేళలో, మొహం, చేతులు, కాళ్ళు తగిలేలా. పొద్దున్న ఏడింటికి బీచ్ రోడ్డు మీద నడిపిస్తే వ్యాయామం అవుతుంది గానీ డి పెద్దగా రాదు, ఆ వేళకి అతినీలలోహిత-బి కిరణాలు తక్కువ. బడి నుంచి సాయంత్రానికి వచ్చే పిల్లలకి ఇదే చిక్కు. రెండోది బి12, పాలు కూడా సరిగ్గా తాగని శాకాహారం పిల్లలకి. మీ పిల్లలు గుడ్డు, చేప తింటారు కాబట్టి అది మీ సమస్య కాదు.

కాబట్టి కొంటే ఒక్క డి మాత్రమే ఉన్నది, 400 ఐయూ, పెక్టిన్‌తో చేసినది, ఎ లేనిది వెతకండి. అది దొరక్కపోతే డి చుక్కలు గమ్మీకన్నా మేలు. చక్కెర లేదు, అతుక్కోదు, మోతాదు కచ్చితం. గమ్మీయే ఇవ్వాలన్న పట్టుదల అక్కర్లేదు.

బాబు గులాబీ మాత్రలో ఐరన్ 45 మి.గ్రా., ఫోలిక్ యాసిడ్ 400 మైక్రోగ్రాములు. వారానికి ఒక్కటే కాబట్టి అది సరైన మోతాదే. అది వేసుకున్న పూట పాలు, టీ దగ్గర పెట్టకండి, ఐరన్‌ని పట్టేస్తాయి. మధ్యాహ్నం బడిలో భోజనం తరవాత వేసుకుంటే మంచిది, జామకాయో నిమ్మరసమో తోడైతే ఇంకా మంచిది. ఫిబ్రవరి 10, ఆగస్టు 10న ఇచ్చే నులిపురుగుల మాత్ర తప్పించొద్దు. పురుగులుంటే ఎంత ఐరన్ ఇచ్చినా నిలవదు. పాపకి రక్తం తక్కువని అనుమానం ఉంటే సీబీసీ (రక్తకణాల పరీక్ష) చేయించండి. ఐదేళ్ళలోపు హిమోగ్లోబిన్ 11 కన్నా, 5 నుంచి 11 ఏళ్ళలో 11.5 కన్నా తగ్గితే రక్తహీనత. దానికి డాక్టరు రాసిన సిరప్పే వాడాలి, ఏ గమ్మీ కూడా వైద్యం కాదు.

ఉషోదయ_జంక్షన్

అర్థమైందండి. హెల్త్ డ్రింక్ డబ్బా వెనక కూడా చూస్తే ఎ, డి రెండూ ఉన్నాయి. గమ్మీలు మానేసి డాక్టరుగారిని డి చుక్కల గురించి అడుగుతాను. అయితే పాప గమ్మీ చూసి మారాం చేస్తోంది. ఉసిరికాయతో ఇంట్లో చెయ్యొచ్చా?

జెల్_బ్యాచ్

చెయ్యొచ్చు. చైనా గ్రాస్ (సముద్రపు నాచు నుంచి తీసే అగర్) పొడి 4 గ్రాములు, అంటే రెండు టీ చెంచాలు నిండుగా. నీళ్ళు 150 మి.లీ. స్టీలు గిన్నెలో వేసి కలిపి పది నిమిషాలు నాననిచ్చి, రెండు నిమిషాలు బాగా మరగనివ్వండి. అడుగున ఉండలు లేకుండా కరగాలి. ఉసిరికాయలు రెండు పెద్దవి తురిమి, పిండి, వడగట్టి 100 మి.లీ. రసం చేసుకోండి, చాలకపోతే నీళ్ళు కలపండి. చైనా గ్రాస్ గిన్నె దించి మూడు నాలుగు నిమిషాలు ఆగాక రెండు పెద్ద చెంచాల బెల్లం పాకం, ఆ తరవాత రసం పోసి కలిపి, నూనె రాసిన పళ్ళెంలో వెయ్యండి. అరగంటలో గట్టిపడుతుంది.

రెండు చోట్ల తప్పు జరుగుతుంది. ఉసిరి రసం కూడా కలిపి మరిగిస్తే ఆ పులుపుకి చైనా గ్రాస్ విరిగి జారుగా ఉండిపోతుంది, విటమిన్ సి కూడా పోతుంది. ఎక్కువసేపు చల్లారనిస్తే రసం పోసేలోపే 40 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలై ఉండలు కడుతుంది. గిన్నె ముట్టుకుంటే చురుక్కుమనాలి, ఆవిరి మాత్రం తగ్గి ఉండాలి. ఇనుప గిన్నె వాడితే ఉసిరికి నల్లబడుతుంది. రసం ఫ్రిజ్‌లోంచి తీసింది కాకుండా గది వేడికి వచ్చినదై ఉండాలి.

ఇందులో చక్కెర తక్కువ కాబట్టి బయట నిలవ ఉండదు. మూత డబ్బాలో ఫ్రిజ్‌లో రెండు రోజులు, మూడో రోజుకి నీళ్ళు ఊరుతుంది. చైనా గ్రాస్ నమిలితే పుటుక్కున తెగుతుంది గానీ నోట్లో కరగదు, పాపకి వేలిగోరంత ముక్కలుగా కోసి కూర్చోబెట్టి పెట్టండి.